గాలిపటాల టీచరు వరహాలమ్మ

వరహాలమ్మ టీచరు అస్తమించిన వార్త నాకు తరగతి గదిలో అందింది. ప్రార్థన ముగించుకుని పిల్లలు అప్పుడే వచ్చి కూర్చున్నారు. రేకుల కప్పు మీద పోర్ట్ బ్లెయిర్ వాన ఒకటే హోరు. ఫోను చేసింది ఆమె భర్త సింహాచలం గారు. "తమ్ముడూ, మీ యక్క ఎల్లిపోనాది" అన్నారు. వాన చప్పుడులో మాట తప్పు వినిపించిందేమోనన్న దింపుడుకళ్ళం ఆశతో "ఏంటి బావా?" అని అడిగాను. ఆయన మళ్ళీ అదే మాట, ఇంకొంచెం గట్టిగా అన్నారు.

బోర్డు మీద సగం రాసిన అక్షరం సగంలోనే ఆగిపోయింది. ముందు బెంచీలో కూర్చున్న పిల్ల లేచి, "సార్, టీచర్ కబ్ ఆయేంగీ? చెన్నై వెళ్ళిపోయారా?" అని అడిగింది. ఆమె ఎప్పుడొస్తారని పిల్లలు రోజూ అడుగుతూనే ఉన్నారు. నేను రోజూ "వస్తారమ్మా" అంటూనే ఉన్నాను. ఆ పూట పిల్లల్ని అలాగే వదిలేసి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

ఆమెను అక్కా, ఆయన్ని బావా అని పిలుచుకోవడమే గాని, నేను ఆమె శిష్యుణ్ణి. తరవాతి కాలంలో అదే బడిలో ఆమె పక్క గదిలో తెలుగు చెప్పే భాగ్యం కలిగినవాణ్ణి. ఆమె పరోక్షంలో ఆమె గురించి రాయవలసి రావడం నా దురదృష్టం. అయినా రాయాలి. ఈ దీవుల్లో ఇంత మంది తెలుగువాళ్ళం ఉన్నాం, ఆమె ఏం చేశారో తెలిసినవాళ్ళు మాత్రం బహు కొద్దిమంది.

శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం వాళ్ళది. ఆమె పుట్టింది, పెరిగింది, చివరిదాకా ఉన్నది ఈ ఊళ్ళోని డిగ్నాబాద్‌లోనే. మొదటి ఉద్యోగం ఫెరార్గంజ్‌లో చేసి తరవాత మా బడికి వచ్చారు. ఆమె బోధించింది చిత్రలేఖనం, చిన్న తరగతులకు తెలుగు. ఈ రెండింటినీ ఆమె ఒకటిగా కలిపేశారు. కలిపిన దారం గాలిపటం.

మా పిల్లల సంగతి చెప్పాలి. ఇంట్లో వచ్చీరాని తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు. మాట్లాడగలరు గాని అక్షరం చూస్తే ముఖం తిప్పుకుంటారు. టీచరు తెల్లకాగితం మీద పెద్ద గాలిపటం గీసి, దాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ఒక్కొక్క గడిలో ఒక అక్షరం రాసేవారు. 'క' ఉన్నచోట ఎరుపు, 'ఖ' ఉన్నచోట పసుపు. అక్షరం తెలియనివాడి పటం రంగు తప్పుతుంది, తోక రంగు నడుముకు పడుతుంది, బొమ్మ పాడవుతుంది. బొమ్మ పాడవడం ఏ పిల్లకూ ఇష్టం ఉండదు కదా! జిరాక్సు తీసిన ఆ కాగితాల కోసం పిల్లలు కొట్టుకునేవారు. నేనూ అలా కొట్టుకున్నవాణ్ణే.

ప్రతి కాగితం కింద గుండ్రటి దస్తూరీతో ఒక వింత ఉండేది. దానికి ఆమె పెట్టిన పేరు 'పటం సంగతి'. చీనా దేశంలో రెండు వేల ఏళ్ళ కిందటే వెదురూ పట్టుబట్టా కలిపి పటాలు ఎగరేశారని, వంతెన కట్టడానికి ఒక మహా జలపాతపు లోయ మీదుగా మొట్టమొదటి దారం గాలిపటమే దాటించిందని, పైన ఎంత చల్లగా ఉందో కనుక్కోవడానికి పూర్వం శాస్త్రజ్ఞులు పటానికి ఉష్ణమాపకం కట్టి పంపేవారని మాకు అలాగే తెలిసింది. రంగు వేయడం పూర్తయ్యాక ఆ సంగతి పైకి చదివితేనే బొమ్మ గోడకెక్కేది. కూడబలుక్కుంటూ చదివేవాళ్ళం. ఆమె తొందరపెట్టేవారు కాదు. "నిమ్మళంగా సదువు. గాలి వొచ్చినప్పుడే పటం లేస్తాది" అనేవారు.

ఒకసారి కాగితం కింద, మనకు తూర్పున ఉన్న దీవుల్లో జాలర్లు ఎండుటాకుతో పటం చేసి, దాని నుంచి గాలం వేలాడదీసి చేపలు పడతారని రాశారు. ఆ మాట ఇళ్ళకు పాకింది. మా నాన్న పకపకా నవ్వి, "గాలిపటంతో చేపలా? మీ టీచరమ్మని వొచ్చి పట్టి సూపించమను" అన్నాడు. ఆమె నిజంగానే వచ్చారు. పెద్ద ఆకు ఒకటి ఎండబెట్టి, కొబ్బరి ఈనెలు గుచ్చి, వల దారం కట్టి, ఆదివారం పొద్దున్న ఒడ్డుకు తెచ్చారు. వేటవాళ్ళందరూ పని మాని చుట్టూ చేరారు. పటం మనిషెత్తు లేచి, రెండు గిరికీలు కొట్టి, నీళ్ళలో పడింది. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆమే. "ఎగరకపోతే ఏటి, సముద్రమైనా సూసొచ్చినాది" అన్నారు. ఆ రోజు నుంచి మా నాన్న ఆమె ఎదురుపడితే బీడీ దాచుకునేవాడు.

ఇంత హాయిగా నవ్వే మనిషిని చక్కెర వ్యాధి లోపల్లోపల తినేసింది. మొదట కళ్ళ మీద పడింది. చెన్నై వెళ్ళి చూపించుకున్నారు. ఉన్న చూపు కొంతకాలం నిలపగలం గాని పోయినది తేలేమని అక్కడి వైద్యులు చెప్పారట. ఆ మాట ఆమె మా ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా ఊహించగలరా? జీవితమంతా రంగులతో బతికిన మనిషి కళ్ళముందు రంగులు ఒక్కొక్కటే ఆరిపోతుంటే, ఆమె రోజూ అలాగే వచ్చి, అలాగే నవ్వుతూ, గోడ పట్టుకుని గదిలోకి నడిచేవారు.

అది పిల్లల ముందే బయటపడింది. నేను ఏదో పని మీద ఆమె గదిలో ఉన్నాను. జ్యోతి అనే పిల్ల, వేటకు వెళ్ళే ఇంటి పిల్ల, తన బొమ్మ తెచ్చి ఇచ్చింది. టీచరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఎంత సక్కగా ఏసినావే!" అన్నారు. జ్యోతి మెల్లగా, "టీచర్, యే తో ఖాలీ సైడ్ హై" అంది. టీచరు పట్టుకున్నది బొమ్మ లేని వైపు.

 ఆమె కాగితం బల్ల మీద పెట్టి అరచేత్తో నిమిరారు. "అవున్రా, ఖాళీదే. నాకు కనబడ్డం లేదు. ఇంక మీరు సెప్తే సూస్తాను" అన్నారు. 

మర్నాటి నుంచి పిల్లలు రంగు వేసి ఊరుకుంటే చాలదు, ఆమె పక్కన నిలబడి చెప్పాలి. ఒకడు "టీచర్, హరా" అన్నాడు. "హరా అంటే నాకు కనబడదు నాయినా. తెలుగులో సెప్పు." "ఆకుపచ్చ." "ఏ ఆకు?" వాడు కిటికీలోంచి బయటికి చూసి, "కొబ్బరాకు" అన్నాడు. "లేతదా, ముదురుదా?" "ముదురుది టీచర్, వానలో తడిసింది." ఆమె కళ్ళు మూసుకుని, "ఆఁ, కనబడినాది" అన్నారు.

ఇంతకుముందు ఎన్ని పాఠాలు చెప్పినా పలకని తెలుగు అప్పుడు ఆ పిల్లల నోట పలికింది. ఇళ్ళకు వెళ్ళి అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని అడిగి మాటలు తెచ్చేవారు. వంగపండు రంగు, కంది పువ్వు రంగు, ఇటుక రంగు, పాలమీగడ రంగు. టీచరుకు కనబడాలి కదా మరి! ఒక రోజు జ్యోతి తన పటం దగ్గర తడబడింది. "నీలం కాదు టీచర్. నలుపూ కాదు..." అని ఆగిపోయింది. "తొందర నేదమ్మా" అన్నారామె. జ్యోతి చాలాసేపు ఆలోచించి, "వానొచ్చే ముందర సముద్రం" అంది. టీచరు ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. ఏడ్చారు.  

బొమ్మలు గీయడం కూడా ఆమె మానలేదు. పెన్సిలు గీత కనబడదు గనుక, జిగురు రాసి దాని మీద సన్నటి వల దారం అంటించి పటం రూపు తెచ్చేవారు. దాన్ని వేళ్ళతో తడిమి చూసుకుని, నా చేతికిచ్చి, "గీతలు వొంకర పోనాయా తమ్ముడూ?" అని అడిగేవారు. కొన్ని వంకర పోయేవి. ఆ వంకరల్లోనే పిల్లలు రంగు నింపేవారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, తెలుగు విభాగంలో పిల్లలు చాలడం లేదని, వచ్చే సంవత్సరం నుంచి అది ఉండదని మాకు తెలిసింది. ఆమె నా చెయ్యి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిని వారం వారం రక్తశుద్ధికి వెళ్తున్నారు. కాళ్ళు పొంగి చెప్పులు పట్టేవి కావు. గొడుగు కింద నన్ను పట్టుకుని మెట్లెక్కి, దిగి, ప్రతి గుమ్మం ముందూ నిలబడి, "మీ పిల్లని తెలుగులో ఉంచండమ్మా" అని బతిమాలేవారు. ఆమె ఎవరినీ ఏదీ అడిగి ఎరగరు. ఆమె అలా యాచిస్తుంటే పక్కన నిలబడడం నాకు నరకంగా ఉండేది.

జ్యోతి తండ్రి మర్యాదగా కుర్చీ వేసి, టీ ఇప్పించి, "తెలుగు సదివితే ఏటొస్తాది టీచరమ్మా? హిందీ, ఇంగ్లీషు వొస్తే ఏ షాపులోనో, ఆఫీసులోనో బతుకుతాది" అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఆమె "ఏటొస్తాదో నాకూ తెల్దు నాయినా. మీ పిల్ల తెలుగులో సెప్తే నాకు రంగులు కనబడతన్నాయి. అంతే తెల్సు నాకు" అన్నారు. ఆ మనిషి తల దించుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. అయినా జ్యోతిని ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చాడు. ఆయన్ని నేను తప్పుపట్టలేను. ఎవరినీ తప్పుపట్టలేకపోవడమే ఈ దుఃఖంలో దుర్భరమైన సంగతి.

ప్రధానోపాధ్యాయురాలు హిందీ మనిషి, మంచి మనిషి. టీచరు ముందు చేతులు జోడించి, "దీదీ, బచ్చే హీ నహీ హై తో మై క్యా కరూఁ?" అన్నారు. పిల్లలే లేకపోతే నేనేం చేయను అని. టీచరు గాలిలో చెయ్యి చాపి ఆవిడ చెయ్యి వెతికి పట్టుకుని, "కోయీ బాత్ నహీ" అని ఆవిడనే ఓదార్చారు. బయటికి వచ్చాక మాత్రం వరండా స్తంభాన్ని పట్టుకుని, "ఐపోనాది తమ్ముడూ. ఇంక సెప్పేవోళ్ళు నేరు నాకు" అన్నారు. ఆమె నోట అంత నిరాశ వినడం నాకు అదే మొదలు.

తరవాత ఆరోగ్యం వేగంగా క్షీణించింది. చెన్నైకి తీసుకెళ్ళక తప్పదన్నారు. విమానంలో పడుకోబెట్టి తీసుకెళ్ళడానికి ఎలాగో చోటు దొరికింది. ఆ పొద్దున్న విమానాశ్రయం దగ్గర సింహాచలం బావా నేనూ అంబులెన్సులో ఆమెకు చెరోపక్కా కూర్చున్నాం. గాలీ వానా అంబులెన్సును ఊపేస్తున్నాయి. పైన మబ్బుల్లో విమానం చప్పుడు వినిపించింది. "ఒచ్చినాదా?" అన్నారామె. "ఒచ్చినాదే, దిగుతంది" అన్నారు బావ. చప్పుడు ఒకసారి మా మీదుగా వెళ్ళింది. తిరిగి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఆ తరవాత దూరమైపోయింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాం. విమానం దిగలేక వెనక్కి వెళ్ళిపోయిందని డ్రైవరు వచ్చి చెప్పేలోపే ఆమెకు అర్థమైంది.

బావ అంబులెన్సు గోడకేసి పిడికిలితో కొట్టారు. ఆమె ఆయన చెయ్యి వెతికి పట్టుకున్నారు. "గాలి మరీ ఎక్కువైతే పటం లెగదు. ఎవుడి తప్పూ కాదు. ఇంటికి పోదాం" అన్నారు. ఇంటికి కాదు, తిరిగి ఆసుపత్రికే తీసుకువెళ్ళాం. మర్నాడు పొద్దున్నే, బావ ఆమెకు నీళ్ళు పట్టబోతుండగా ప్రాణం పోయిందట.

దహనం కూడా వానలోనే. కట్టెలు అంటుకోక ఎంత నెయ్యి పోసినా పొగే వచ్చింది. చివరికి అంటుకున్నాక బావ అక్కడి నుంచి కదలనన్నారు. అందరూ వెళ్ళిపోయారు. మేమిద్దరమే మిగిలాం. ఆయన మంటను చూస్తూ అన్నారు:

"తమ్ముడూ, మా అమ్మాయి, అల్లుడు హిందీలోనే మాటాడతారు. మనవలికి నా మాట తెలీదు. మంచోళ్ళే, నన్ను బాగానే సూస్తారు. గానీ ఇంట్లో నాను నా మాట మాటాడింది ఈవిడితోనే. ఇంక నానెవులితో మాటాడాల?"

"నాతో మాట్లాడండి బావా" అన్నాను. ఆయన నా వైపు చూసి తల ఊపారు. నమ్మి కాదు, నన్ను నొప్పించడం ఇష్టం లేక.

వరహాలమ్మ టీచరు నాకు అక్షరం నేర్పారు. చూపు పోయినవాళ్ళకు సైతం లోకాన్ని చూపించగల శక్తి మాటకు ఉందని ఆమె వల్లనే తెలుసుకున్నాను. ఆ తల్లి పాదాలకు కన్నీళ్ళతో నమస్కరిస్తున్నాను. ఆమె స్థానాన్ని నువ్వే భర్తీ చెయ్యాలని మిత్రులు నన్ను ఓదారుస్తున్నారు. వేసవి సెలవులు కాగానే తెలుగు గదికి తాళం పడుతుంది. నన్ను వేరే బడికి పంపుతారట. ఆమె లేరు సరే, ఆమె తరవాత ఎవరైనా వచ్చి నిలబడడానికి ఆ స్థానం కూడా లేదు.