బాతుపిల్లకు పెద్దమ్మ గొంతు

"కిందింటి పెద్దమ్మ పోయిందే. మొక్కలకు నీళ్లు పోసుకుంటనే కూలబడ్డదట" అని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఆటోలో ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కుతున్నాను. ఆటో దిగి కాసేపు రోడ్డు పక్కన నిలబడ్డాను.

సొంత పెద్దమ్మ కాదు. యూసుఫ్‌గూడలో మేం పై వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. ఆవిడ కింది వాటాలో ఒక్కతే ఉండేది. బందరు నుంచి వచ్చి, సినిమాల్లో చిన్నపిల్లలకు డబ్బింగ్ చెప్పేది. ఆవిడ గొంతు మీరూ వినే ఉంటారు, పేరు మాత్రం తెర మీద ఎప్పుడూ పడలేదు. ఎండాకాలంలో కూడా మెడకు మఫ్లర్, చేతిలో గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కు.

నేను ఐదో తరగతిలో ఉండగా స్టూడియోవాళ్లు పాత కంప్యూటర్ ఒకటి ఆవిడకిచ్చేశారు. దాంతోపాటు ఒక ఆట సీడీ. తప్పిపోయిన బాతుపిల్ల ఊరంతా తిరిగి తన చెరువును వెతుక్కుంటుంది. పరుగులు, తుపాకులు ఏమీ లేవు. బొమ్మ మీద బాణం గుర్తు పెట్టి నొక్కడమే. తపాలా డబ్బాను నొక్కితే తేన్చేది, వీధి దీపాన్ని నొక్కితే తుమ్మేది.

ఆటంతా ఇంగ్లీషు, నాదేమో తెలుగు మీడియం. పెద్దమ్మ స్పీకర్ల సౌండు పూర్తిగా తగ్గించి, అందరి మాటలూ తనే చెప్పేది. బాతుపిల్లకు ముద్దు గొంతు. వంతెన మీద కాపలా ఉండే మేకకు అచ్చం మా ఇంటి ఓనరు గొంతు: "ఏంది, గిట్లొచ్చినవ్? మిర్చి బజ్జీ ఏది?" నవ్వి నవ్వి నాకు కడుపు నొప్పి పుట్టేది. ఏం చెయ్యాలో తెలీక ఆగిపోతే, "నొక్కి చూడవే, అదేమన్నా కరుస్తుందా?" అనేది.

ఆ మేక దగ్గరే ఇరుక్కుపోయాం, అడిగింది ఇస్తే గానీ వంతెన దాటనివ్వదు. ఆటలోని ఊళ్లో బజ్జీల బండి ఎక్కడా లేదు. రొట్టె ఇచ్చాం, క్యారెట్ ఇచ్చాం. మేక తల అడ్డంగా ఊపేది. రెండు నెలల సాయంత్రాలు ఆ వంతెన దగ్గరే గడిచాయి.

ఇంతలో పెద్దమ్మ గొంతు పోయింది. చిన్నపిల్లల కేకలు పెట్టీ పెట్టీ గొంతులో కాయ లేచిందని ఆపరేషన్ చేశారు. మూణ్నెల్లు ఒక్క మాటా మాట్లాడకూడదన్నారు. పలక పట్టుకుని తిరిగేది. నేను వెళ్తే కంప్యూటర్ పెట్టేది గానీ, గదిలో చప్పుడుండేది కాదు. ఒకరోజు అది భరించలేక సౌండు పెంచాను. మేక అసలు గొంతు అప్పుడే మొదటిసారి విన్నాను. మిగతాదేమీ అర్థం కాలేదు గానీ, ఒక మాట మాత్రం పదే పదే అంటోంది: బెల్, బెల్. మా బళ్లో రోజూ కొట్టేదే.

"పెద్దమ్మా, అది బజ్జీ అడగట్లేదు. గంట అడుగుతోంది" అన్నాను.

పెద్దమ్మ పలక తీసుకుని రాసింది: "నాకు ఇంగ్లీషు రాదే. పెదాలు ఎంతసేపు కదిలితే అంతసేపు మాట పెట్టాను." రాసి, నా మొహం చూడకుండా చెరిపేసింది.

నాకు కోపం రాలేదు. గంట ఆ ఆటలోనే, పిండిమర దగ్గర వేలాడుతోంది. ఎన్నోసార్లు నొక్కి, ఊపి వదిలేశాం. తెచ్చిస్తే మేక మెడలో కట్టుకుని పక్కకు తప్పుకుంది. నేను సౌండు తగ్గించి, మేక గొంతు పెట్టి, "పో బిడ్డా, పైలం" అన్నాను. పెద్దమ్మ చప్పుడు లేకుండా నవ్వి కళ్లు తుడుచుకుంది. అప్పట్నుంచి గొంతులన్నీ నావే. బొమ్మ పెదాలు ఆగకముందే నా మాట అయిపోతే ఆవిడ వేలితో బల్ల మీద కొట్టేది. బాతుపిల్ల చెరువుకు చేరింది ఆ రోజుల్లోనే.

ఇప్పుడు నేను పిల్లల కార్టూన్లకు తెలుగు మాటలు రాస్తున్నాను. ఆ బల్ల చదువే నాకు అన్నం పెడుతోంది.

పెద్దమ్మ గొంతు తిరిగొచ్చింది గానీ, బొంగురుగా వచ్చింది. పిల్లల గొంతు ఇక పలకలేదు. అత్తలకూ అమ్మమ్మలకూ చెబుతూ బతికింది. పోయిన ఆ గొంతు మాట ఒక్కనాడూ ఎత్తలేదు.

పోయిన నెల ఆవిడను కళ్ల డాక్టరుకు చూపించడానికి శ్రీనగర్ కాలనీ తీసుకెళ్లాను. తిరిగి ఆటో ఎక్కడానికి వస్తుంటే ఒక హోటల్ టీవీలో పాత సినిమా వస్తోంది. జాతరలో తప్పిపోయిన పాప అమ్మ కోసం ఏడుస్తోంది. ఆ ఏడుపు పెద్దమ్మదే. నా చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. మా ఆటో అతను హారన్ కొట్టాడు. జనం తోసుకుంటూ పోతున్నారు. వాళ్లమ్మ కనబడి ఆ పాప ఏడుపు ఆపేదాకా పెద్దమ్మ అక్కణ్నుంచి కదల్లేదు.