మూడు తెల్ల గౌన్లు

డెబ్భైల చివర్లో న్యూయార్క్‌లో ఒక టీవీ స్టూడియోలో బట్టలు కుట్టేదాన్ని. రోజూ మధ్యాహ్నం వచ్చే సీరియల్ అది. రక్తం సీనుంటే ఒకే రకం గౌను మూడు కుట్టాలి, ఒక్కో టేక్‌కి ఒకటి. అందుకని ఎవరు చావబోతున్నారో యాక్టర్ల కంటే ముందు మా కుట్టుగదికే తెలిసిపోయేది. బయట నోరు విప్పితే ఉద్యోగం ఊడుతుంది.

ఆ వారం కుట్టిన మూడూ మా హీరోయిన్ కొలతలే. ఒకప్పుడు సినిమాల్లో వెలిగిన మనిషి. నలభై దాటాక సినిమావాళ్ళు ఫోన్ చేయడం మానేశారు, ఇక మిగిలింది ఈ సీరియలే. ఫిట్టింగ్‌కి వచ్చి హ్యాంగర్ల వైపు చూసింది. నేను అడ్డంగా నిలబడ్డాను గానీ, ఏం లాభం?

"మూడా?" అంది. కుర్చీలో కూలబడి, "ఇది పోతే నన్నింకెవరూ పిలవరు" అంది.

షూటింగ్ రోజు డైరెక్టర్ పొద్దుట్నించీ చిర్రుబుర్రులాడుతున్నాడు. సాయంత్రానికి సెట్ విప్పేయాలి మరి. తుపాకి పేలింది, ఆవిడ పడింది, కెమెరా మొహం మీదికొచ్చింది. రెప్ప కదిలింది. కట్! రెండో గౌను వేశాను. మళ్ళీ అంతే. "శవాలు కళ్ళార్పవు!" అని అరిచాడు.

మూడోది తొడుగుతుంటే ఆవిడ వీపంతా చెమట. హుక్కులు ఒక పట్టాన పడవే! "పొరపాటున కదిలిందా?" అని గొణిగాను. అద్దంలో నా కళ్ళలోకి సూటిగా చూసింది, అంతే. ఓరి దేవుడో, కావాలనే చేస్తోంది!

మూడోసారి ఏకంగా కళ్ళే తెరిచింది.

డైరెక్టర్ నా మీదికొచ్చాడు. "ఒకటి ఉతికి ఆరబెట్టు. ఎంతసేపు పడుతుంది?"

చన్నీళ్ళలో ముంచితే పోయే రంగది. ఇస్త్రీ పెట్టె నా పక్కనే ఉంది.

"పోదు" అన్నాను. "మరక పట్టేసింది."

"నిజంగానా?"

"నమ్మకపోతే నువ్వే ఉతుక్కో!" అంత తెగువ నాకెక్కణ్ణించి వచ్చిందో! నన్ను మింగేసేలా చూశాడు, గడియారం చూసుకున్నాడు, తిట్టుకుంటూ రైటర్లకి ఫోన్ కలపమన్నాడు. చావు కాస్తా కోమా అయి కూర్చుంది.

ఆ తర్వాత నెలల తరబడి ఆవిడ అందరికంటే ముందొచ్చేది. మేకప్ వేయించుకుని, ఒక్క డైలాగూ లేకుండా, ఆస్పత్రి మంచం మీద కళ్ళు మూసుకుని పడుకునేది. అంత సంబరంగా పనిలోకొచ్చిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.