గరగర డాక్టరు మూసిన చిల్లులు

మా మామగారిని బజారులో గరగర డాక్టరు అంటారు. ముఖం మీద అంటే ఊరుకోరు కాబట్టి వెనకాల అంటారు. వాయిద్యాల రిపేరు ఆయన వృత్తి. పద్నాలుగో ఏట ఒక పియానోల షాపులో ఊడవడానికి చేరి, అక్కడే పని నేర్చుకుని, నలభై ఎనిమిదేళ్లుగా వయొలిన్లకూ గిటార్లకూ అకార్డియన్లకూ వైద్యం చేస్తున్నారు. లోపల ఎక్కడో గరగరమంటోందని ఎవరైనా వాయిద్యం తెస్తే చెవి ఆనించి, రెండుసార్లు వేలితో కొట్టి, "ఇదిగో, ఇక్కడ" అంటారు. అక్కడే ఉంటుంది. ఈ విషయంలో ఆయన పొరపడగా నేను చూడలేదు. చూడాలని మాత్రం చాలాకాలం ఎదురుచూశాను.

ఎందుకంటే అలాంటి చెవి ఉన్న మనిషితో ఒకే ఇంట్లో కాపురం తేలిక కాదు. గిన్నె మీద మూత అదిరినా, ఫ్యాను రెక్క టకటకమన్నా ఆయనకు ముద్ద దిగదు. నేను మొదటిసారి వాళ్లింటికి భోజనానికి వెళ్లినరోజు, కాబోయే అల్లుడినని ఒక్క ప్రశ్నైనా అడగలేదు. భోజనం మధ్యలో నన్ను లేవమని, నేను కూర్చున్న కుర్చీ కాలికి మర బిగించి, మళ్లీ కూర్చోమన్నారు.

ఈ ఏడు మా ఊళ్లో అంతర్జాతీయ సంగీతోత్సవం జరిగింది. పదకొండు దేశాల వాళ్లు వచ్చారు. సాయంత్రాలు పెద్ద వేదిక మీద కచేరీలు, పొద్దునపూట పక్కనే ఉన్న స్కూలు గదుల్లో వర్క్‌షాపులు. వర్క్‌షాపుల బాధ్యత మా ఆవిడది. బాధ్యత ఆవిడది కాబట్టి కుర్చీలు మోసే పని నాది.

ముందురోజు మధ్యాహ్నం ఒక పెద్ద పెట్టె వచ్చింది. లోపల నులకమంచమంత చట్రం, దానిమీద వరసగా ఇరవై ఒక్క కర్రపట్టీలు, ఒక్కో పట్టీ కింద ఒక్కో ఎండిన సొరబుర్ర. పుల్లలతో పట్టీల మీద కొడితే కింద బుర్రలు పలుకుతాయట. ప్రయాణంలో తాడు తెగి ఒక బుర్ర ఊడిపోయింది. దాన్ని వాయించే ఆవిడ మర్నాడు పొద్దున గానీ రాదు.

"నాన్నా, ఆ తాడొక్కటి కట్టిపెట్టు, చాలు" అంది మా ఆవిడ.

తాడొక్కటి కట్టి ఊరుకునే మనిషైతే నేనింత రాయక్కర్లేదు. తాడు కట్టి, సరిచూద్దామని పుల్లతో కొట్టారు. బర్రుమంది. పక్కది కొట్టారు. అదీ బర్రుమంది. ఇరవై ఒక్కటీ అదే వరస. బుర్రలు తిప్పి చూస్తే ప్రతిదానికీ పక్కన చొక్కా గుండీ అంత చిల్లు, చిల్లు మీద సాలెగూడు.

"ఎంత దూరం నుంచి వచ్చిందో పాపం, ఎవరూ పట్టించుకున్నట్టు లేదు" అన్నారు. ఆ జాలి నిజమైనదే. సాలెగూళ్లన్నీ తడిబట్టతో తుడిచారు. చిల్లులన్నీ లప్పం పెట్టి మూసి, రంగు కలిపి నునుపు చేశారు. చివర్లో ఒక పట్టీ దగ్గర చెవి ఆగింది. ట్యూనింగ్ ఫోర్క్ పెట్టి చూస్తే ఆ పట్టీ రెండు స్వరాల మధ్యన, ఎటూ కాకుండా ఉంది. రెండు చివర్లా కాస్త చెక్కి, పై స్వరానికి తెచ్చారు.

"ఇప్పుడు విను" అన్నారు నాతో. ఉన్నమాట చెప్పాలంటే శుభ్రంగా, గుండ్రంగా మోగింది. నేను చప్పట్లు కూడా కొట్టాను.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు దాన్ని వాయించే ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి, పొడగరి, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. నిలబడే ఒక పట్టీ మీద కొట్టింది. ఇంకోటి కొట్టింది. మోకాళ్ల మీద కూర్చుని ఒక బుర్ర చుట్టూ వేలు పెట్టి తడిమింది. "మా నాన్నగారే బాగుచేశారు" అని మా ఆవిడ ఇంగ్లీషులో గొప్పగా చెప్పింది. ఆవిడ ఇంకో బుర్ర తిప్పి చూసింది. తర్వాత చాలా మాట్లాడింది. ఆవిడకొచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో ఏముందో మా ఆవిడ మాకు చెప్పుకొచ్చింది, చెబుతున్నకొద్దీ గొంతు తగ్గిపోయింది.

ఆ చిల్లులు కావాలని పెట్టినవి. సాలీడు గుడ్లు దాచుకునే పొరను జాగ్రత్తగా తీసి వాటిమీద అతికిస్తారు. కొట్టినప్పుడు ఆ పొర అదిరి బర్రుమనాలి. ఆ బర్రు లేనిదాన్ని వాళ్లు వాయిద్యం అనరు.

మామగారికి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లుగా ఏ జబ్బుకు మందు వేస్తున్నారో, ఇక్కడ అదే ప్రాణమట. "సన్న స్క్రూడ్రైవర్ తే" అన్నారు నాతో. వర్క్‌షాపు పది గంటలకు.

ఆవిడ సంచిలోంచి ఒక మాత్రల డబ్బా తీసింది. లోపల ఉల్లిపొర కన్నా పలచటి తెల్లపొరలు. ఇద్దరూ నేలమీద ఎదురెదురుగా కూర్చున్నారు. ఈయన లప్పం తవ్వడం, ఆవిడ పొర అతికించడం. ఒక్కో బుర్ర పూర్తికాగానే ఈయనే పుల్లతో కొట్టి, అదిరిందని రూఢి చేసుకుని మరీ తర్వాతదానికి వెళ్లారు. ఇంకోరోజైతే నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాణ్ణి.

తొమ్మిదీ నలభైకి ఇరవై ఒక్కటీ బర్రుమన్నాయి. ఆవిడ ముఖం కాస్త తేటపడింది. ఈ కొసనుంచి ఆ కొసకు వాయించుకుంటూ వెళ్లి, ఒకచోట ఆగింది. ఆ పట్టీనే మళ్లీ మళ్లీ కొట్టింది.

మామగారు నీళ్లు నమలలేదు. "శ్రుతి తప్పిందనుకుని నేనే చెక్కానని చెప్పమ్మా" అన్నారు.

ఆవిడ దగ్గర్లో ఉన్న కుర్చీలో కూర్చుండిపోయింది. ఆ వాయిద్యం వాళ్ల నాన్న చేసినది. ఆ ఒక్క పట్టీని మాత్రం స్వరాల లెక్క చూడకుండా తన గొంతుకు సరిపోయేలా చెక్కుకున్నారట. ఇవాళ నేర్పడానికి వచ్చిన పాటా ఆయనదే. ప్రతి చరణం ఆ పట్టీ మీదే ముగుస్తుంది. ఆయన ఎప్పుడో పోయారు.

మామగారు పొరపడితే చూడాలని ముచ్చటపడ్డవాణ్ణి నేనే కదా. చూశాను. నాకే ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

మామగారు ఉలి తీసుకుని పట్టీ నడుమ అడుగున గీకారు. అలా గీకితే స్వరం కిందికి దిగుతుంది. దిగింది కూడా, కానీ కర్ర మరీ పలచబడి, కొడితే మోగకుండా టక్కుమంది. స్వరం వచ్చింది, గొంతు పోయింది. మైనం అంటించారు, తీసేశారు. తలుపు బయట నేర్చుకోవడానికి వచ్చిన ముప్పైమంది, బల్లల మీద వాయించుకునే పుల్లలు పట్టుకుని నిలబడ్డారు. "ఈ పాట వద్దులే, ఇంకేదైనా నేర్పుతాను" అంది ఆవిడ, కళ్లద్దాలు తుడుచుకుంటూ. ఆ పాట నేర్పడానికే రెండు విమానాలు మారి వచ్చిందని మా అందరికీ తెలుసు.

"అది ఎలా ఉండేదో నాకు గుర్తుందని చెప్పమ్మా" అన్నారు మామగారు. మా ఆవిడ నోరు తెరిచేలోపే ఆయన గొంతులోంచి ఒక స్వరం వచ్చింది. మా పెళ్లయి పదకొండేళ్లు. ఆయన కూనిరాగం తీయడమైనా నేను వినలేదు.

ఆవిడ చటుక్కున ఇటు తిరిగింది. అరచెయ్యి చాచి కిందికి దించింది. ఈయన కాస్త తగ్గించారు. ఇంకా కిందికి. తగ్గించారు. అలవాటైన చెవి పైకి లాగుతుంటే, ఎటూ కాని ఆ చోట నిలబడటానికి ఆయనకు చెమటలు పట్టాయి. నుదుటిమీద నరం ఉబ్బింది. ఆవిడ అరచెయ్యి కిందికీ పైకీ ఆడి ఆడి, చివరికి కదలకుండా ఆగింది. అలాగే చాలాసేపు ఉంచేసింది.

తర్వాత ఆయన కోసం ఒక కుర్చీని తన పక్కకు లాక్కుని, తలుపు తీయమంది.

పాట మొదలైంది. చరణం చివరికి రాగానే ఆవిడ పుల్లతో మామగారి మోకాలి మీద తట్టింది. ఆయన స్వరం ఇచ్చారు. జనం గొల్లున నవ్వారు. రెండో చరణం చివర మళ్లీ తట్టింది. నాలుగోసారికి ఎవరూ నవ్వలేదు. ఆ పాట పద్ధతే అంత అనుకుని శ్రద్ధగా చూస్తున్నారు. పేరుపొందిన రిపేరు మాస్టారు, ఒక కర్రపట్టీ బదులు, బుద్ధిగా మోకాలు ముందుకు పెట్టి కూర్చున్నారు.

మధ్యలో మంచినీళ్లకు ఆపినప్పుడు ఆవిడ మా ఆవిణ్ణి ఏదో అడిగింది.

"నీ వయసెంతని అడుగుతోంది నాన్నా."

"అరవై రెండని చెప్పు."

ఆవిడ విని, పుల్ల కొసనున్న రబ్బరు సర్దుకుంటూ తలెత్తకుండా రెండు మాటలు అంది.

"ఏమంటోందమ్మా?"

"వాళ్ల నాన్న నలభై ఒకటికే పోయారట. ముసలివాడై ఉంటే ఆ గొంతు ఎలా ఉండేదో అని ఎప్పుడూ అనుకునేదట."

మామగారు గ్లాసు కింద పెట్టారు. అందరూ మళ్లీ కూర్చున్నారు, ఆవిడ వాయించడం మొదలుపెట్టింది. చరణం చివర పుల్ల వచ్చి ఆయన మోకాలి మీద తట్టింది. స్వరం రాలేదు. ముప్పైమందీ పుల్లలు ఎత్తి పట్టుకుని ఆయనవైపే చూస్తున్నారు. ఆయన నేలచూపులు చూస్తున్నారు, గడ్డం వణుకుతోంది. ఆవిడ తొందరపెట్టలేదు. కాసేపు ఆగి, మళ్లీ తట్టింది.