నవ్వే నరసింహుడు

మా పెద్దమ్మ ఏ బొమ్మ వేసినా, ఏ పాట కట్టినా, ఎక్కడిదని అడిగితే ఒకటే మాట చెప్పేది: "నేను చూసినానప్పా!" గడివేముల దగ్గర వాళ్ల కందిచేలో దేవతలు నడిచిపోవడం కూడా ఆమె చూసిందే. అహోబిలం కొండ ఎక్కిందంటే కొత్త పాటతోనే దిగేది.

ఆళ్లగడ్డలో మేము కట్టుకున్న ఇంట్లో, పూజగది గోడమీద ఆమె నరసింహస్వామిని వేసింది. స్వామి పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. గృహప్రవేశం ముందురోజు మా నాయన అది చూసి హడలిపోయాడు.

"ఏంది వదినా ఇది? ఉగ్రమూర్తి నవ్వుతాడా? రేపు పూజారి తప్పంటే సున్నం కొట్టిస్తా."

"కొట్టించుకోప్పా. నేనైతే చూసినా."

మరునాడు అహోబిలం నుంచి వచ్చిన ముసలి పూజారి ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. మా నాయన పెద్దమ్మను చూపించి, "ఈమె చూసిందంట సామీ" అన్నాడు.

"స్వామిని ఇట్ల ఎప్పుడు చూసినావమ్మా?"

"చెంచులక్ష్మితో పెండ్లినాడు సామీ. పెండ్లికొడుకు నవ్వకుండా ఉంటాడా?"

పూజారి పకపకా నవ్వాడు. "మరి పెండ్లికూతురు యాడమ్మా?"

పెద్దమ్మ నాలుక కరుచుకుంది. ఆ పూట భోజనాలు బాగా ఆలస్యమయ్యాయి. ఆమె పట్టుచీర కొంగు నడుముకు దోపుకొని, అప్పటికప్పుడు పెళ్లిపాట కట్టి పాడుతూ చెంచులక్ష్మిని వేస్తుంటే, పక్కన రంగుల గిన్నె పట్టుకొని నిలబడింది మా నాయనే.