కాటా మీద డబ్బా

మొన్న విజయనగరంలో కూరల కొట్టు దగ్గర ఫోనుతో డబ్బు కట్టాను. ముప్పై అయిదు రూపాయలు ముట్టాయని కొట్లోని మాట్లాడే పెట్టె చెప్పినా నమ్మకం చాలక, ఖాతాలో మిగిలిన మొత్తాన్ని ఫోనులో రెండుసార్లు చూసుకున్నాను. పక్కన ఒక ముసలావిడ కొంగుముడి విప్పి రూపాయి బిళ్లలు లెక్కపెడుతుంటే ఒకటి జారి నా కాళ్ల దగ్గర పడింది. తీసి ఇచ్చాక చేతికి అంటుకున్న ఆ ఇనుప వాసన నన్ను పాతపట్నంలో మా కిరాణా కొట్టుకి, నా పదేళ్ల వయసుకి లాక్కుపోయింది.

ఆదివారం పొద్దున్నే బోణీ అయ్యాక నాన్న నా చేతిలో రూపాయి బిళ్లలు పది పెట్టేవాడు. నోటు ఇచ్చేవాడు కాదు. నోటైతే ఒక్క దెబ్బకి పోతుందనీ, బిళ్లలైతే ఒక్కొక్కటీ వదలడానికి మనసొప్పదనీ ఆయన నమ్మకం. మా కొట్లో చాక్లెట్టు కావాలన్నా నేను డబ్బిచ్చే కొనుక్కోవాలి. మిగిలినవి బిస్కెట్ల డబ్బాకి పెట్టిన గంటులోంచి వేయాలి, దాని తాళంచెవి గల్లాపెట్టెలో ఉండేది. ఆ డిసెంబరులో బడి పిల్లల్ని రామతీర్థం కొండకి తీసుకెళ్తామన్నారు. నూట యాభై రూపాయలు. అవి డబ్బాలో ఉంటేనే వెళ్లాలని నాన్న షరతు పెట్టాడు.

వానలు వెనకబట్టి, సంత రోజుల్లో కొండల మీంచి చింతపండు గంపలు, పసుపు మూటలు దిగి, కొట్టంతా బెల్లం, ఇంగువ, తడి గోనెసంచుల వాసనలు కలిసిపోయి, నాన్నకి అమ్మయిన మా మామ్మ నాగులచవితికి నువ్వులూ బెల్లమూ రోట్లో వేసి చిమ్మిలి దంచుతుంటే, మేం అరుగు మీద చింతపిక్కలాడుకునే రోజులవి. ఆటలో ఉన్నా నా చూపు మాత్రం మామ్మ గదిలో మంచం పక్క కిటికీలో ఉన్న డబ్బా మీదే. తెరవడానికి వీల్లేదు కాబట్టి ప్రతి ఆదివారం దాన్ని కాటా మీద పెట్టి తూచి, ఆ బరువు లెక్కల పుస్తకం చివరి పేజీలో రాసుకునేదాన్ని. కొట్టు ఇంటి పిల్లకి అంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది?

చవితి ముందు ఆదివారం కాటా నూట యాభై గ్రాములు తక్కువ చూపించింది.

ఇచ్చే నాన్న ఎందుకు తీస్తాడు? అమ్మ ఆ గదిలోకే రాదు. ఇక మిగిలింది మామ్మ. ఆవిడ ముక్కుపొడి డబ్బీ నిండుగా ఉంది. మంచం కింద చీపురుపుల్ల ఒకటి దొరికింది, గంటులోంచి బిళ్లలు లాగడానికే అనుకున్నాను. మధ్యాహ్నాలు నేను దొంగనిద్ర పోతూ, ఆవిడ ఎన్నిసార్లు తుమ్మిందో కూడా లెక్కపెట్టాను. ఓసారి డబ్బా తీసి, కొంగుతో తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి నవ్వుకుంది. ఇంకేం కావాలి నాకు!

చవితినాడు ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా ఉండగా, మామ్మ నా నోటికి చిమ్మిలి అందిస్తుంటే ఆవిడ చెయ్యి తోసేశాను.

"నా బిళ్లలతో ముక్కుపొడి కొనుక్కున్నావేటి మామ్మా?"

"ఏటే గుంటా, నాను దొంగనేటే?" అంది. ఎవరూ అడగకుండానే కొంగుముడి విప్పి అందరికీ చూపించింది. అందులో ఎండిన తులసాకు, రెండు బిళ్లలు ఉన్నాయి.

మా అరుపులకి కొట్లోంచి వచ్చిన నాన్న సంగతి తెలుసుకుని, తాళంచెవి తెచ్చి డబ్బా తెరిచాడు. బిళ్లల మధ్య నాలుగు పది రూపాయల నోట్లు మడతపెట్టి ఉన్నాయి.

"సంతరోజు సిల్లర సాల్లేదు. నలభై బిళ్లలు తీసి నాలుగు నోట్లెట్టినాను. నీకు సెప్పడం మర్సిపోనానమ్మా" అన్నాడు.

డబ్బు రూపాయి కూడా తగ్గలేదు. బరువే తగ్గింది. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, తప్పయిపోయిందన్న మాట మాత్రం నోట రాలేదు.

రామతీర్థం వెళ్లాను. మిగిలిన డబ్బుతో మామ్మకి కుంకుమ భరిణె కొన్నాను. పుచ్చుకుని నా తల నిమిరింది. అయినా ఆ తరవాత ఆవిడ డబ్బా ఉన్న ఆ గదిలోంచి బయటికొస్తున్నప్పుడు నేను ఎదురుపడితే చాలు, రెండు అరచేతులూ తెరిచి, "సూసుకోయే" అనేది. నవ్వుతూనే అనేది. వద్దు మామ్మా అని ఎన్నిసార్లు బతిమాలినా, పోయేదాకా ఆవిడ ఆ అలవాటు మానలేదు.

ఇప్పుడు నాన్న కొట్లోనూ ఆ మాట్లాడే పెట్టే ఉంది. చిల్లర కోసం ఎవరూ ఎవరి డబ్బాలూ తెరవక్కర్లేదు, డబ్బుకి బరువే లేదు. అనుమానం మాత్రం నన్ను వదల్లేదు; ఫోను తీసి పదిసార్లు చూసుకుంటూనే ఉంటాను.

కూరల కొట్టు దగ్గర ఆ ముసలావిడ, నేనిచ్చిన బిళ్ల ముట్టిందని చెప్పడానికి కాబోలు, అరచెయ్యి తెరిచి నాకు చూపించింది. నేను చూడలేకపోయాను.