సుందరరాజు కునుకు తీశాడా?

గుడివాడ మిల్లుల్లో ఊక ఎత్తుకుని ఇటుక బట్టీలకు తోలే లారీ అది. పేరుకు ప్రకాశరావుగారిదే అయినా, దాని స్టీరింగు మీద సుందరరాజు చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడగా ఎవరూ చూడలేదు. తొంభై ఎనిమిది వేసవిలో, మొవ్వ దాటాక కాలవ మలుపులో, ఆగి ఉన్న వరిగడ్డి ట్రాక్టరును ఆ లారీ వెనకనుంచి గుద్దింది. మనుషులకేం కాలేదు. గడ్డి మాత్రం రోడ్డంతా పరుచుకుంది. ఎంత వెతికినా తారు మీద బ్రేకు గీత కనిపించలేదు.

పక్కన కూర్చున్న క్లీనరు భూషణం చూసినదే చెప్పాడు. ముందు దగ్గాడు, తర్వాత తల వాల్చాడు అన్నాడు. ఇంకేముంది, కునుకు తీశాడని లారీ ఆఫీసులో అందరూ తేల్చేశారు. టీ కొట్టు దగ్గర "ఏం బావా, దిండు తెచ్చుకున్నావా?" అని పలకరింపులు మొదలయ్యాయి. ప్రకాశరావుగారు పల్లెత్తు మాట అనలేదు గానీ, తాళం తన జేబులో వేసుకున్నారు.

సుందరరాజుకు దగ్గు గుర్తుంది. బంపరు ట్రాక్టరుకు తగలడం గుర్తుంది. మరి ఆ రెంటికీ మధ్య ఏమైంది? నిద్రయితే ముందు కళ్ళు బరువెక్కాలి, ఆవులింతలు రావాలి. ఇదేమో కరెంటు పోయి వచ్చినట్టుంది. ఇంట్లో అదే మాట, చర్చికి వెళ్ళే దారిలోనూ అదే మాట. భార్య రాజమ్మ విసిగిపోయి, బందరులో ఎవరో డాక్టరమ్మ డ్రైవర్లనే పరీక్ష చేస్తోందట, ఆవిణ్ణే అడగండి అంది.

ఆ డాక్టరమ్మ పేరు తనూజ. ఊపిరి జబ్బులున్న డ్రైవర్ల కాళ్ళూ చేతులూ ప్రమాదం ఎదురైనప్పుడు ఏం చేస్తాయన్నది ఆవిడ పరిశోధన. ఒక కుర్చీ, దాని ముందు చెక్కకు బిగించిన లారీ పెడళ్ళు, ఎదురుగా ఎర్ర బల్బు. వెలగ్గానే బ్రేకు తొక్కాలి. సుందరరాజు ఠక్కున తొక్కాడు. ఆ కుర్చీలో ఉండగానే గొట్టమున్న మిషనొకటి చేతికిచ్చి, గుండెల నిండా గాలి పీల్చి ఊదమంది.

చెంబుతో మంచినీళ్ళు తాగేటట్టు తల కాస్త ఎత్తి, గొట్టం పెదవులకు తగలకుండా పట్టుకుని ఊదాడు. ముల్లు కదల్లేదు. మళ్ళీ ఊదినా అంతే. ఇంత తక్కువ ఊపిరితో ఈ మనిషి మేడ మెట్లెలా ఎక్కాడా అనుకుంది తనూజ. మూడోసారి ముల్లును వదిలేసి అతన్నే చూసింది.

"అలా ఎత్తి పట్టుకున్నారేమండీ?"

"మరి ఎంగిలవుతుంది కదమ్మా. నా తర్వాత ఇంకొకళ్ళు ఊదాలిగా."

ఆవిడకు నవ్వాగలేదు. మనిషి మనిషికీ గొట్టం చివరి ముక్క మారుస్తామని తీసి చూపించింది. అప్పుడు పెదవులు బిగించి ఊదాడు సుందరరాజు. ముల్లు సగం దాకా లేచింది, వెంటనే దగ్గు అందుకుంది. తెరలు తెరలుగా దగ్గి మొహం కమిలిపోయింది. తల వాలిపోయింది.

కళ్ళు తెరిచేసరికి డాక్టరమ్మ అతని భుజాలు పట్టుకుని ఉంది. నిద్రొచ్చిందా అని అడిగింది.

"లేదమ్మా. దగ్గాను. ఇప్పుడు మీరు కనిపిస్తున్నారు. ఆ రోజూ ఇంతే."

ఊక దుమ్మూ, బీడీలూ కలిసి ఊపిరి గొట్టాలను పాడుచేశాయనీ, అంత గట్టిగా దగ్గినప్పుడు కాసేపు తలకు నెత్తురందక స్పృహ పోతుందనీ చెప్పిందావిడ. నిద్ర కాదని రాసిస్తానంది. అయితే రాస్తే, బండి తోలకూడదని కూడా రాయాలి. మందులతో తగ్గవచ్చు, మాట మాత్రం ఇవ్వలేనంది.

సుందరరాజు పెడళ్ళ వంక చూశాడు.

"ఇందాక నా కుడికాలు ఏం చేసిందమ్మా?"

"పెడలు మీంచి జారి పక్కకు పడింది."

"బ్రేకు తొక్కలేదన్నమాట."

"తొక్కడానికి మీరు లేరుగా."

అతను నెమ్మదిగా తలూపాడు. రెండూ రాయమన్నాడు, ప్రకాశరావుగారికి తనే తీసుకెళ్ళి ఇస్తానన్నాడు. ఆవిడ కలం తీస్తుంటే ఇంకో మాట అడిగాడు.

"ఇక స్టీరింగు పట్టేది మా భూషణమే. వాడూ ఆ ఊకలోనే తిరిగాడు. రేపు వాణ్ణి పంపనా అమ్మా?"