లేని స్టేషనులో దిగిన చలివిడి

ఆ రోజుల్లో మా కోనసీమ పిల్లలకి రైలంటే పుస్తకంలో చదువుకునే విషయమే గానీ కళ్ళతో చూసే విషయం కాదు. ఎటు వెళ్ళాలన్నా ముందు ఏదో ఒక గోదావరి పాయ అడ్డం వచ్చేది. పడవో పంటో ఎక్కి అది దాటి, బస్సు పట్టుకుని, అంత దూరం పోతే గానీ రైలు కూత చెవిన పడేది కాదు. మా బడిలో రైలెక్కినవాడికి ఉన్న గౌరవం క్లాసులో ఫస్టు వచ్చినవాడికి కూడా ఉండేది కాదు. (నేను ఆ రెండిట్లో ఏదీ కాదు.) ముక్తేశ్వరం రేవు దగ్గర మా ఊరు. రేవులో నిలబడితే గోదావరికి అవతల కోటిపల్లి ఒడ్డు కనిపించేది. ఆ ఒడ్డున పూర్వం రైలు నడిచేదని, యుద్ధం రోజుల్లో పట్టాలు ఊడబీకి పట్టుకుపోయారని, మట్టికట్ట మాత్రం మిగిలిందని పెద్దవాళ్ళు చెప్పేవారు. పట్టాలు పోతే పోయాయి, రైలు మాత్రం అక్కడే ఎక్కడో నిలబడి ఉంటుందని నా గట్టి నమ్మకం.

అలాంటిది మా అక్కని ఏకంగా ఆ రైలుకట్ట పక్క ఊళ్ళోనే ఇచ్చారు. సంబంధం మంచిదే, బావ బంగారమే, అక్క అత్తగారి దగ్గరే వచ్చింది చిక్కంతా. ఆవిడకి వేళ తప్పితే పడదు. పెళ్ళిలో మగపెళ్ళివారికి కాఫీలు ఆలస్యమయ్యాయని, ఇచ్చిన గ్లాసు ముట్టుకోకుండా అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ గ్లాసు మా ఇంటిల్లిపాదికీ కొన్నాళ్ళు కలలోకి వచ్చింది.

ఆ మరుసటి ఏడు అక్కకి అయిదో నెల వచ్చింది. కడుపుతో ఉన్న పిల్లకి పుట్టింటివాళ్ళు చలివిడి చేసి తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టాలి. కడుపు చల్లగా ఉండాలని మా వైపు ఆనవాయితీ. పేరంటాళ్ళందరూ చూస్తుండగా జరిగే ముచ్చట కాబట్టి పుట్టింటి పరువు మొత్తం ఆ చలివిడి ముద్ద మీదే ఆధారపడి ఉంటుంది. అక్క అత్తగారు మా బావచేత కబురు పంపింది. "మధ్యాహ్నం వర్జ్యం ఉందండి. ఆలోపలే చలివిడి పెట్టేయాలని అమ్మ మరీ మరీ చెప్పమందండి. ఊళ్ళో వాళ్ళందర్నీ పిలిచేసింది" అన్నాడు బావ. మరీ మరీ అన్న చోట ఆయన గొంతు కూడా కాస్త తగ్గింది.

తీరా బయల్దేరే ముందురోజు అమ్మకి జ్వరం తగులుకుంది. అమ్మ బదులు పిన్నీ, తోడు బాబాయీ, ఏడ్చి సాధించుకుని నేనూ బయల్దేరాం. అమ్మ మంచం మీంచే పిన్ని చెయ్యి పట్టుకుని, "ఆలస్యమైతే ఆవిడ మనల్ని ఏమీ అనదే. పిల్లే ఆ ఇంట్లో తలెత్తుకోలేకుండా అయిపోద్ది" అంది. పిన్ని ఇత్తడి గిన్నెలో చలివిడి పెట్టి, పైన అరిటాకు కప్పి, గుడ్డ కట్టి, ఒళ్ళో పెట్టుకుంది. ఇక ఆ గిన్నె కింద పెట్టింది లేదు. నేను మాత్రం ఆ చలివిడి కోసం కాదు, స్టేషను కోసం కొత్త పరికిణీ కట్టుకున్నాను.

ఎందుకంటే మా ముగ్గురం అదివరకు ఎరగని ఆ ఊరికి బావ చెప్పిన దారి అలా ఉంది. "రేవు దిగి రైలుకట్ట పట్టుకు వచ్చేయండి. గేటు దాటేక సిగ్నల్ వస్తుందండి. సిగ్నల్ దాటి కొంచెం ముందుకొస్తే స్టేషనండి. స్టేషన్లో దిగితే ఎదురుగా మా వీధేనండి." ఇంత తేలికైన దారిలో తప్పిపోవడానికి ఏముంది? రైలు లేదని బాబాయికి తెలుసు. కానీ రైలు పోయినంత మాత్రాన గేటూ, సిగ్నలూ, స్టేషనూ ఎక్కడికి పోతాయి? ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళు గోడలు పట్టుకుపోరు కదా. అదీ మా బాబాయి వాదన. రైలు ఎరగని కోనసీమవాళ్ళం, మాకు సబబుగానే తోచింది.

కోటిపల్లి రేవులో ఎడ్లబండి మాట్లాడుకున్నాం. బండివాడు యానాం వైపువాడు, ఎవరింటికో ధాన్యం దింపి ఖాళీగా ఉన్నాడు. "రైలుకట్ట తెల్సా?" అంటే "ఆయ్" అన్నాడు. "స్టేషను తెల్సా?" అంటే దానికీ "ఆయ్" అన్నాడు. (ఆ "ఆయ్" కి అర్థం తెలుసని కాదు, మీరు అడిగింది వినబడిందని. ఇది తెలియక ఎంతమంది కొంపలు మునిగాయో.) బండి కట్టెక్కింది. మా వైపు ఎక్కడ చూసినా కొబ్బరాకులే గానీ ఆకాశం కనిపించదు. అక్కడ రెండు పక్కలా దాళ్వా చేలు, నెత్తిన బోలెడంత ఆకాశం. నేను తొట్టి అంచు పట్టుకుని రైలు కోసం చూస్తున్నాను. బాబాయి గేటు కోసం చూస్తున్నాడు. పిన్ని ఎండ కోసం, అంటే పొద్దెంత ఎక్కిందోనని, మాటిమాటికీ పైకి చూస్తోంది.

ఎంతదూరం పోయినా గేటు రాలేదు. కట్ట మీద మిరపకాయలు ఎండబోస్తున్న ఒకామెని బాబాయి అడిగాడు. "గేటెక్కడండి?"

"దాటొచ్చేసేరు కదండీ" అంది ఆమె.

"మాకు కనపళ్ళేదండి."

"ఎలా కనపడుద్దండి, లేదు కదా" అని ఆవిడ మిరపకాయలు తిరగేసుకుంది.

పిన్ని గిన్నె మీద చెయ్యి బిగించింది. సరే, గేటు పోతే పోయింది, సిగ్నల్ పట్టుకుందాం అనుకుని ఇంకా ముందుకు పోనిచ్చాం. చేలో గట్టు చెక్కుతున్న రైతుని అడిగితే, "అదిగోనండీ ఒంటి తాడిచెట్టు. అదేనండి సిగ్నలు" అన్నాడు.

"తాడిచెట్టు సిగ్నలేవిటండీ?" అన్నాడు బాబాయి.

"తాడిచెట్టు కాదండి. సిగ్నలు అక్కడుండేదండి. ఇప్పుడు తాడిచెట్టుందండి." ఆయన చాలా ఓపిగ్గా, చెవిటివాడికి చెప్పినట్టు చెప్పాడు.

రైలు ఉండదేమోనన్న అనుమానం నాకు జీవితంలో మొదటిసారి అప్పుడే వచ్చింది. బాబాయి మాత్రం పట్టు వదల్లేదు. స్టేషనంటే పెద్ద కట్టడం, బల్లలుంటాయి, గంట ఉంటుంది, ఊరి పేరు రాసిన పలక ఉంటుంది, అది కనపడకుండా ఎక్కడికి పోతుందని బండివాణ్ణి తోలమన్నాడు. బండివాడు "ఆయ్" అని తోలాడు. ఒక పిడకల గుట్టలున్న మిట్ట దాటాం, రెండు గేదెలని తప్పుకున్నాం, ఇంకా పోయాం, పోయాం, చివరికి ఏదో ఊళ్ళో తేలాం. అది అక్కావాళ్ళ ఊరు దాటాక వచ్చే ఊరు. "స్టేషను వెనకాలుండిపోయిందండి, పిడకల మిట్ట లేదూ, అదే" అన్నారు అక్కడివాళ్ళు.

"రైల్లో వచ్చినా మీరు స్టేషను దాటిపోయేవారే" అంది పిన్ని. అంతవరకు అంత కోపంగా ఆవిడ మాట్లాడగా నేను వినలేదు. అని, వెంటనే కళ్ళు తుడుచుకుంది. ఎండ నడినెత్తికి వచ్చేసింది. వర్జ్యం మొదలైపోయిందని వేరే చెప్పక్కర్లేదు. బాబాయి బండి వెనక్కి తిప్పించి, కిందికి దిగి, తను దిగితే ఎడ్లు తొందరగా నడుస్తాయన్నట్టు, పక్కన పరిగెత్తడం మొదలెట్టాడు. నాకు అక్క మొహం, అరుగు మీద పెట్టిన ఆ గ్లాసు కళ్ళ ముందు కనిపిస్తున్నాయి. రైలు చూడాలన్న కోరిక ఎటుపోయిందో పోయింది. దేవుడా, అక్కని ఎవరూ ఏమీ అనకూడదు అని మొక్కుకుంటూ కూచున్నాను.

పిడకల మిట్ట దగ్గర దిగాం. ఎదురుగా నిజంగానే వీధి, వీధిలో అక్కావాళ్ళ ఇల్లు. వాకిట్లో చెప్పులే చెప్పులు. పేరంటాళ్ళంతా చాపల మీద కూర్చుని ఉన్నారు. అక్క కొత్త చీరలో, తలనిండా పూలతో, పీట మీద కాదు, గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. మమ్మల్ని చూడగానే దాని మొహంలో ముందు సంతోషం, వెంటనే భయం కనిపించాయి. పేరంటాళ్ళలో ఒక పెద్దావిడ విసనకర్ర ఆపి, "పుట్టింటివారు తీరిగ్గా వచ్చేరండీ. పిల్ల మీద ధ్యాస అలా ఉంది" అంది. అక్క తల దించేసుకుంది.

బాబాయి ఉత్తరీయంతో మొహం తుడుచుకుని, "అదికాదండీ, గేటనుకునీ, తాడిచెట్టనుకునీ..." అంటూ మొదలెట్టి మధ్యలో ఆగిపోయాడు. తను చెబుతున్నది తనకే నమ్మశక్యంగా లేదు. అక్క అత్తగారు లోపల్నించి వచ్చింది. బాబాయిని చూసింది, మోకాళ్ళ దాకా దుమ్మే. పిన్నిని చూసింది, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గిన్నె ఎత్తుకుని ఉంది. తర్వాత అక్క వైపు చూసింది. అక్క వైపే కాస్త ఎక్కువసేపు చూసింది.

"మధ్యాహ్నం బండి వెళ్ళిందాండీ, అన్నయ్యగారూ?" అని అడిగింది.

బాబాయి తెల్లబోయి, "ఏ బండండీ?" అన్నాడు.

"రైలు బండండి. మా మావగారి కాలం నించీ ఈ ఇంట్లో వేళంటే ఆ బండి వేళేనండి. మధ్యాహ్నం బండి వెళ్ళేలోపల వచ్చినవారెవరూ ఆలస్యంగా వచ్చినట్టు కాదు" అని, విసనకర్ర పెద్దావిడ వైపు తిరిగి, "ఏం వదినా, నీకేవన్నా కూత వినపడిందా?" అంది.

పెద్దావిడ మళ్ళీ విసనకర్ర ఊపుకోవడం మొదలెట్టింది. చాపల మీద ముందు ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. "వర్జ్యం పోయేక పెట్టుకుందాం. పాపం చలివిడి మోసుకుని ఊళ్ళన్నీ తిరిగొచ్చేరు, ముందు కాళ్ళు కడుక్కుని అన్నాలు తినండి వదినగారూ" అంటూ ఆవిడే పిన్ని చేతిలో గిన్నె అందుకుంది. అక్క గుమ్మం దగ్గరే చతికిలబడి, నవ్వుతూ ఏడుస్తూ, ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయింది. నేను వెళ్ళి దాన్ని వాటేసుకున్నాను. హమ్మయ్య అనే మాట అప్పటిదాకా ఎన్నోసార్లు అని ఉంటాను గానీ, దాని అర్థం మాత్రం ఆ రోజే తెలిసింది.

తర్వాత చాలా ఏళ్ళకి ఆ కట్ట మీద మళ్ళీ పట్టాలు వేశారు, కొన్నాళ్ళు ఒంటి పెట్టె బండి నడిచింది, అదీ ఆగిపోయింది. అక్కావాళ్ళ అత్తగారు కూడా పోయారు. నేను కాకినాడలో స్థిరపడి, అత్తగారినై, గడియారం చూసి విసుక్కునే వయసుకి వచ్చాను. మొన్న మా ఇంట్లో మా కోడలికి చలివిడి పెట్టాలి. వియ్యాలవారు ఎంతకీ రారు. పేరంటాళ్ళ ముందు మొహం గంటుపెట్టుకుని కూర్చున్నాను. తీరా వాళ్ళు ఆపసోపాలు పడుతూ లోపలికి వచ్చేసరికి కోడలు వాళ్ళని చూడలేదు, నన్ను చూసింది. ఆ చూపు నాకు తెలుసు.

నా కోపం ఎటుపోయిందో గానీ, "పర్లేదండీ, మధ్యాహ్నం బండి ఇంకా వెళ్ళలేదుగా" అన్నాను గొప్పగా.

ఎవరూ నవ్వలేదు. మా వియ్యంకుడు మాత్రం చాలా మర్యాదగా, "మేం కార్లో వచ్చేమండి" అన్నాడు.